ఒవెర్న్ అగ్నిపర్వతాల పార్కులో కొండలనూ జంతువులనూ ఎలా చూడాలి?

ఫ్రాన్స్ నడిమధ్యన, క్లెర్మోన్-ఫెరాన్ పట్నానికి ఆనుకునే మొదలవుతుంది ఒవెర్న్ అగ్నిపర్వతాల ప్రాంతీయ పార్కు. 1977లో ఏర్పడింది. చుట్టూ కంచె లేదు, లోపల ఊళ్లూ ఆవుల మందలూ ఉంటాయి. చూడటానికి కనీసం రెండు రోజులు పెట్టుకోండి: ఒకటి కొండలకు, ఒకటి జంతువులకు. రెండూ ఒకే రోజు పెట్టుకుంటే జంతువులు తిరిగే వేళంతా దారిలోనే గడిచిపోతుంది.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా మంచి కాలం. అక్టోబరు వచ్చేసరికి మార్మోట్లు (కొండల్లో ఉండే పెద్ద నేల ఉడతలు) బొరియల్లో దూరి వసంతం దాకా నిద్రపోతాయి.

మొదటి రోజు: కొండల ఆకారం చదవడం

1465 మీటర్ల ప్యుయి ద డోమ్ ఎక్కండి. పళ్లపట్టాల రైలు పావుగంటలో పైకి చేరుస్తుంది. నడవగలిగితే కోల్ ద సేసా కనుమ నుంచి పాత కంచరగాడిదల బాట పట్టండి, గంట పడుతుంది. పైన బిలం (అగ్నిపర్వతపు నోరు) కోసం వెతక్కండి, లేదు. ఈ కొండను పుట్టించిన లావా మరీ చిక్కన. పారలేక, బయటికొచ్చిన చోటే పోగుపడి గుమ్మటమైంది. ఇప్పుడు ఉత్తరానికి తిరగండి. పారియూ కొండ నడినెత్తిన గిన్నెలాంటి బిలం కనిపిస్తుంది. అక్కడ వాయువులు లావాను చిమ్మాయి, రవ్వలు చల్లారి చుట్టూ కుప్పపడ్డాయి, మధ్యలో నోరు మిగిలింది. ఈ తేడా పట్టుబడితే ఈ అగ్నిపర్వతాల వరుసలోని దాదాపు 80 కొండల్లో చాలావాటిని మీరే పోల్చుకోగలరు. (వికారాబాద్ దగ్గరి నల్లరాయి కూడా లావానే. అది పలచగా పగుళ్లలోంచి పొంగి పొరలుగా పరుచుకుంది కాబట్టి అక్కడ ఇలాంటి శంకువులు కనబడవు.)

పారియూ ఎక్కేటప్పుడు చెక్కమెట్లు వదిలి పక్కకు దిగొద్దు. కింద ఉన్నది వదులు రవ్వే. పైనున్న గడ్డి ఒకసారి తెగిందంటే వానకు గాడి పడి, ఏటేటా లోతవుతుంది.

రెండో రోజు: షోద్‌ఫూర్ లోయ

సాన్సీ కొండల్లోని ఈ లోయకు కారు ఉంటేనే వీలు. సూర్యోదయానికల్లా అక్కడ ఉండండి. పదకొండింటికి వెళ్లినవాళ్లకు రాళ్లు తప్ప ఏమీ కనిపించకపోవడానికి కారణం మనుషుల అలికిడి, ఎండ. జంతువులు అప్పటికే పైనున్న రాతి నీడల్లోకి చేరిపోతాయి. గాలి మీ ముఖానికి తగిలేలా నడవండి. వీపుకు తగులుతోందంటే మీకన్నా ముందే మీ వాసన వాటిని చేరుతుంది. ఒకచోట కూర్చుని 8×42 బైనాక్యులర్‌తో వాలును కింది నుంచి పైకి, మెల్లగా, అడ్డవరుసల్లో గాలించండి. అరగంటైనా కదలొద్దు. నడుస్తూ వెతికితే మిమ్మల్ని అవి చూస్తాయి, వాటిని మీరు చూడరు.

ముఖం మీద నల్లచార, చివర కొక్కెంలా వంగిన సన్నని కొమ్ములు ఉంటే షామువా, అంటే మేకలాంటి కొండజంతువు. ఆడదానికీ కొమ్ములుంటాయి. గుండ్రంగా చుట్టుకున్న లావుపాటి కొమ్ములైతే మూఫ్లాన్ అనే అడవి గొర్రెల్లో పొట్టేలు. చెవులు గింగురుమనేలా ఈల వినిపిస్తే మార్మోట్ హెచ్చరిస్తోందన్నమాట. ఆ ఈల మీ గురించే అయితే వెనక్కి తగ్గండి. తిండి మాత్రం పెట్టొద్దు. శీతాకాలానికి అది కొవ్వు పట్టించుకోవలసింది గడ్డితో, బిస్కెట్లతో కాదు.

పచ్చికలో నిలువెత్తు పసుపు జెన్షియన్ మొక్క కనిపిస్తుంది. దాని వేరుతో ఇక్కడ చేదు మద్యం చేస్తారు. పక్కనే అచ్చం అలాంటి ఆకులతో విషపు వెరాట్రమ్ పెరుగుతుంది. జెన్షియన్ ఆకులు ఎదురెదురు జతలుగా, వెరాట్రమ్‌వి ఒకటి విడిచి ఒకటిగా ఉంటాయి. గుర్తుపట్టడం వరకే, ఏదీ తవ్వొద్దు, నోట పెట్టొద్దు.

వేసవి మధ్యాహ్నాల్లో పిడుగులు పడతాయి. పన్నెండులోపే శిఖరాల అంచుల నుంచి దిగిపోండి. పొగమంచు కమ్మితే వచ్చిన దారినే వెనక్కి. అత్యవసరానికి 112. దారిలో ఎర్రమట్టి రంగు సలేర్స్ ఆవులు ఎదురైతే తల్లీదూడల మధ్య నుంచి వెళ్లకుండా చుట్టు తిరగండి. తీసిన దడిని మళ్లీ మూసేయండి.