గిటార్ శ్రుతి నిలవడం లేదా? ముందు తీగల్ని చూడండి

గిటార్ కొన్న నెలకే "పెగ్గులు పాడైపోయాయి, మార్చాలి" అని దిగులుపడేవాళ్ళని చాలామందిని చూశాను. చాలాసార్లు పెగ్గులకి, అంటే తీగల్ని బిగించే కీలకి, ఏమీ కాదు. తీగ చుట్టిన తీరులోనే తేడా ఉంటుంది. రిపేరుకి డబ్బు పెట్టే ముందు ఒక్కో తీగనీ ఈ కొస నుంచి ఆ కొస దాకా చూడండి. ఇక్కడ రాసిందంతా స్టీల్ తీగల అకూస్టిక్ గిటార్ గురించి. సన్న 'ఈ' (E) ఒకటో తీగ, లావు 'ఈ' (E) ఆరో తీగ.

కొత్త తీగలు వేసినా శ్రుతి దిగిపోతోంది

కొత్త తీగ సాగుతుంది, పెగ్ మీద చుట్లు సర్దుకుంటాయి. అందుకే మొదటి రోజు శ్రుతి దిగడం మామూలే. దానికి మందు కూడా చేతిలోనే ఉంది. శ్రుతి చేశాక ఒక్కో తీగని 12వ ఫ్రెట్ (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు గీత) దగ్గర రెండు వేళ్ళతో పట్టుకుని మెల్లగా పైకి లాగండి. శ్రుతి దిగుతుంది, మళ్ళీ చేయండి, మళ్ళీ లాగండి. లాగినా దిగని దాకా, అంటే మూడు నాలుగుసార్లు, ఇదే పని.

వారం గడిచినా దిగుతూనే ఉంటే చుట్లు చూడండి. ఒక్క చుట్టే ఉంటే తీగ జారుతుంది. ఏడెనిమిది చుట్లు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటే అవి సర్దుకున్నప్పుడల్లా శ్రుతి మారుతుంది. లావు తీగలకి రెండు మూడు, సన్నవాటికి మూడు నాలుగు చుట్లు చాలు. తీగని దాని పెగ్ దాటించి దాదాపు తర్వాతి పెగ్ దాకా కొలిచి, అంత వదులు ఉంచుకుని చుట్టండి. ప్రతి చుట్టూ ముందు చుట్టు కిందికి రావాలి.

ఇంకో కారణం నట్, అంటే మెడ పై కొసన తీగలు కూర్చునే గాళ్ళున్న పట్టీ. కీని మెల్లగా తిప్పుతారు, శ్రుతి చూపించే ట్యూనర్‌లో ముల్లు కదలదు. ఇంకొంచెం తిప్పుతారు, కదలదు. మరి కాస్త తిప్పగానే నట్ దగ్గర 'టిక్' మని చిన్న చప్పుడు, ముల్లు ఒక్కసారిగా గీత దాటి అవతలికి దూకేస్తుంది. నట్ గాడి తీగని పట్టేసి, బిగువు పెరిగాక వదిలిందన్నమాట. తీగని పక్కకి తప్పించి ఆ గాడిలో మెత్తటి పెన్సిల్ ములికి నాలుగుసార్లు రుద్దండి. ఆ పొడి మీద తీగ జారుతుంది. ఇంతకంటే చవకైన రిపేరు గిటార్‌కి లేదు.

శ్రుతిని ఎప్పుడూ కింది నుంచి పైకే తీసుకురండి. ఎక్కువైతే బాగా దించి మళ్ళీ ఎక్కించండి. పై నుంచి దించి ఆపేస్తే పెగ్ పళ్ళ మధ్య ఖాళీ మిగిలిపోతుంది, నాలుగు కార్డ్‌లు (కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి మీటేవి) వాయించేలోపు తీగ ఆ ఖాళీలోకి జారుతుంది.

ట్యూనర్‌లో అన్నీ పచ్చగానే ఉన్నాయి, కార్డ్ మాత్రం బాగా లేదు

ముందు ట్యూనర్‌లో 'ఏ' (A) స్వరం 440 హెర్ట్జ్ దగ్గరే ఉందా అని చూడండి. చెయ్యి తగిలి 435కో 445కో మారితే మీ తీగలు ఒకదానితో ఒకటి కలుస్తాయి కానీ పక్కన కీబోర్డ్‌తో కలవవు.

తర్వాత 12వ ఫ్రెట్. అక్కడ తీగని తాకీతాకనట్టు ఆనించి మీటితే వచ్చే హార్మోనిక్, నొక్కి మీటితే వచ్చే స్వరం రెండూ ఒకటే కావాలి. నొక్కినప్పుడు శ్రుతి ఎక్కువ చూపిస్తే తీగ పాతబడి ఉండొచ్చు, లేదా తీగలు ఫ్రెట్లకి మరీ ఎత్తుగా ఉండొచ్చు. మొదట తీగ మార్చి చూడండి. సాడిల్, అంటే పెట్టె మీద తీగలు ఆనుకునే పట్టీ, జోలికి తర్వాత వెళ్ళొచ్చు.

ఇవేవీ కాకపోతే తేడా గిటార్‌లో లేదు. ఇది నాకు చాలా ఇష్టమైన విషయం, ముఖ్యంగా కర్ణాటక సంగీతం నేర్చుకుని గిటార్ పట్టినవాళ్ళకి చెప్పాల్సింది. తంబురా ముందు కూర్చుని పాడిన చెవికి అంతర గాంధారం ఎక్కడ కుదురుకుంటుందో తెలుసు. గిటార్ ఫ్రెట్లలో ఆ గాంధారం దానికంటే దాదాపు 14 సెంట్లు పైన ఉంటుంది. పక్కపక్క ఫ్రెట్ల మధ్య దూరం 100 సెంట్లు అనుకుంటే ఇది చిన్న తేడా కాదు, మంచి చెవికి గుచ్చుకుంటుంది. 'ఈ' (E) మేజర్ కార్డ్ పట్టుకుంటే ఆ గాంధారం మూడో తీగ మొదటి ఫ్రెట్‌లో పడుతుంది. అది కమ్మగా వినిపించేదాకా మూడో తీగని కొంచెం దించుతారు. వెంటనే జీ కార్డ్ పట్టండి: అదే తీగ ఇప్పుడు షడ్జం, ఆరో తీగ మూడో ఫ్రెట్‌తో కలవకుండా అలలు అలలుగా ఊగుతుంది. అన్ని కార్డ్‌లూ వాయించాలంటే ఒక్క కార్డ్ కోసం శ్రుతి సర్దకూడదు. ఖాళీ తీగల్ని ట్యూనర్‌తో చేసి వదిలేయండి.

మోత తగ్గిపోయింది, గిటార్ మూగబోయినట్టుంది

తీగ కింది వైపు గోరుతో గీస్తూ వెళ్ళండి. ఫ్రెట్లు తగిలేచోట చిన్న గుంటలు తెలిస్తే ఆ తీగ పని అయిపోయింది. చేతి చెమట, గాలిలో తేమ రెండూ శత్రువులే. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్ళలో తుప్పు తొందరగా పడుతుంది. వాయించాక పొడి నూలు గుడ్డతో తీగ పైనా కిందా తుడవండి.

కొనేటప్పుడు ప్యాకెట్ మీద రెండు సంగతులు చూడాలి. ఒకటి లోహం. 80/20 బ్రాంజ్ అంటే 80 పాళ్ళు రాగి, 20 పాళ్ళు జింక్: మొదట్లో గలగలమంటుంది, తొందరగా మసకబారుతుంది. ఫాస్ఫర్ బ్రాంజ్ కాస్త నిండుగా పలికి ఎక్కువ రోజులు నిలుస్తుంది. చెమట ఎక్కువ పట్టేవాళ్ళకి కోటింగ్ ఉన్న తీగలు, ఖరీదైనా, నయం.

రెండోది గేజ్. 12 సెట్ అంటే ఒకటో తీగ మందం 0.012 అంగుళం. ఆ ఆరు తీగలూ కలిసి దాదాపు 70 కిలోల బలంతో లాగుతాయి. వేళ్ళు బొబ్బలెక్కి వాయించడం మానేసేలా ఉన్నవాళ్ళు 11కో 10కో దిగండి. "నొప్పి ఓర్చుకుంటేనే వస్తుంది" అనే సలహా నాకు నచ్చదు. మోత కొంచెం తగ్గినా రోజూ వాయిస్తారు.

తీగ తెగిపోతోంది

ఎక్కడ తెగిందో చూడండి. ప్రతిసారీ సాడిల్ దగ్గరే అయితే అక్కడ పదునైన అంచు ఉంది, సన్నటి గరుకు కాగితంతో రెండు మూడుసార్లు రుద్దితే చాలు. పెగ్ రంధ్రం దగ్గరైతే ఆ అంచుని అలాగే నునుపు చేయండి.

బిగిస్తుండగానే ఒకటో తీగ తెగితే అది దాదాపుగా స్థాయి పొరపాటే. ట్యూనర్‌లో 'ఈ' (E) వచ్చి వెళ్ళిపోయిన సంగతి గమనించక, ఇంకా రాలేదనుకుని బిగిస్తూ పోతాం. రెండో తీగ ఐదో ఫ్రెట్ నొక్కి మీటండి, ఖాళీ ఒకటో తీగ దానితో కలవగానే ఆపేయండి.

బ్రిడ్జి పిన్ పైకి లేస్తోంది

బ్రిడ్జి అంటే పెట్టె మీద తీగలు బిగించే చెక్క, పిన్ అందులో తీగ కొసని పట్టి ఉంచే మేకు. తీగ కొసనున్న గుండు పిన్ అడుగున కూర్చుంది, అందుకే తోస్తోంది. గుండు దగ్గర తీగని కొంచెం వంచి, పిన్ గాడి గిటార్ పెట్టె మీది గుండ్రటి రంధ్రం వైపు ఉండేలా పెట్టి, పిన్‌ని నొక్కుతూనే తీగని పైకి లాగండి. గుండు చెక్కకి ఆనినట్టు చేతికి తెలుస్తుంది.

తీగలు మార్చాక జిర్రుమంటోంది

సన్న గేజ్‌కి మారితే మెడ మీద లాగుడు తగ్గి, అది వెనక్కి వెళ్తుంది. ఆరో తీగని మొదటి ఫ్రెట్‌లోనూ, మెడ పెట్టెతో కలిసే ఫ్రెట్‌లోనూ నొక్కిపట్టి మధ్యలో చూడండి. విజిటింగ్ కార్డ్ దూరేంత సందు ఉండాలి. అసలు లేకపోతే మెడ లోపలి కడ్డీని, అంటే ట్రస్ రాడ్‌ని, ఎడమకి పావు చుట్టు వదిలి, ఒక రోజు ఆగి మళ్ళీ చూడండి. ఖాళీ తీగ మాత్రమే జిర్రుమంటే నట్ గాడి లోతు ఎక్కువైనట్టు. పెగ్ దగ్గర కత్తిరించని తీగ కొస అల్లాడుతూ చేసే చప్పుడు కూడా అచ్చం ఇలాగే ఉంటుంది, ముందు దాన్ని కత్తిరించండి.

నైలాన్ తీగల క్లాసికల్ గిటార్‌కి మాత్రం స్టీల్ తీగలు ఎప్పుడూ వేయకండి. దాని బ్రిడ్జి ఆ బరువు మోయలేదు. ఇప్పటికే వేసి ఉంటే ఈరోజే వదులు చేసి, బ్రిడ్జి వెనక అంచు కింద ఒక పలుచటి కాగితం పెట్టి తోసి చూడండి. కాగితం లోపలికి దూరితే బ్రిడ్జి లేవడం మొదలైంది, దాన్ని తిరిగి అతికించాల్సింది గిటార్లు బాగుచేసేవాళ్ళే.