‘బోడ్’ అనే మాట పుట్టుకను వెతకడం ఎలా?

ఇంగ్లీషులో శకునాన్ని చెప్పే పాత క్రియల్లో ‘బోడ్’ ఒకటి. మేలుకు సూచన అయితే ‘బోడ్స్ వెల్’, కీడుకు సూచన అయితే ‘బోడ్స్ ఇల్’ అన్న పలుకుబళ్లలోనే అది నేడు ఎక్కువగా వినిపిస్తుంది. దీని మూలాన్ని వెతకదలచినవారు ఇప్పటి అర్థాన్ని కాసేపు పక్కన పెట్టి, అన్నిటికంటే పాత ప్రయోగం దగ్గర మొదలుపెట్టాలి. ఇందుకు 1884లో తొలి భాగం వెలువడి 1928లో పూర్తయిన ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు, ప్రాచీన ఇంగ్లీషుకు బాస్‌వర్త్, టోలర్‌ల నిఘంటువు ఆధారపడదగినవి.

వాటిలో ‘బొడియన్’ అన్న క్రియ, ‘బొడ’ అన్న నామవాచకం కనిపిస్తాయి. బొడ అంటే వార్తాహరుడు, బొడియన్ అంటే చాటడం, ప్రకటించడం. క్రైస్తవ సువార్తను బోధించడానికి కూడా ఆ క్రియనే వాడారు. వార్త చాటడం కాస్తా శకునం పలకడంగా ఎలా మారిందో తెలియాలంటే ప్రతి ఉదాహరణలోనూ కర్త ఎవరో చూడాలి, నా దృష్టిలో ఈ పనిలో అన్నిటికంటే ఫలితమిచ్చే మెట్టు ఇదే. కర్త మనిషైతే అర్థం ప్రకటించడం దగ్గరే ఉంటుంది. కర్త స్థానంలోకి పక్షో, తోకచుక్కో, వింత సంఘటనో వచ్చినప్పుడు అది రాబోయేదాన్ని సూచించడంగా మారుతుంది. షేక్‌స్పియర్ నాటకం ‘హామ్లెట్’ తొలి రంగంలో ప్రేతాన్ని చూసిన హొరేషియో, ఇది మన రాజ్యానికి ఏదో విపరీతాన్ని సూచిస్తోందని అనేటప్పుడు వాడిన క్రియ ఇదే. అక్కడ కర్త మనిషి కాదు, కళ్లెదుట జరిగిన సంఘటన.

తరువాత సోదర భాషల్లో వెతకాలి. జర్మన్‌లో వార్తాహరుణ్ణి ‘బోటె’ అంటారు. ఇంకా వెనక్కి వెళితే, మేలుకొని ఉండటం, ఎరుక కలగడం అన్న అర్థాలున్న, ఇంగ్లీషుకూ సంస్కృతానికీ ఉమ్మడి మూలమైన ఇండో-యూరోపియన్ భాషలోని ధాతువు ‘భెఉధ్’ దొరుకుతుంది. మనం నిత్యం వాడే బోధ, బుద్ధి, బుద్ధుడు అన్న మాటలు దాని సంస్కృత శాఖలోనివే. అయితే ధ్వని పోలికను చూసి చుట్టరికం కలపకూడదు, ధ్వని సూత్రం కుదరాలి. ఇంగ్లీషు, జర్మన్ చేరిన జర్మానిక్ భాషల్లో ఆదిలోని ‘భ’ సహజంగానే ‘బ’ అయింది. సంస్కృతంలో మాత్రం, జర్మన్ పండితుడు గ్రాస్‌మన్ 1863లో వివరించినట్టు, ఒకే మాటలో రెండు మహాప్రాణాలు దగ్గరగా వస్తే మొదటిది అల్పప్రాణమవుతుంది. రెండు దారులూ వేరైనా చేరింది ఒకే ‘బ’కు.

ఇల్లు అనే అర్థమున్న ‘అబోడ్’ను మాత్రం ఈ కుటుంబంలో చేర్చకూడదు, అది నిలిచి ఉండటాన్ని చెప్పే ‘అబైడ్’ నుంచి పుట్టింది. శకునమనే అర్థంలో అదే రూపంతో మరో పాత మాట ఉండేది కాబట్టి, నిఘంటువులో ఒకే అక్షరక్రమం కింద ఎన్ని వేర్వేరు ఆరోపాలు, అంటే విడివిడిగా అర్థమిచ్చిన మాటలు, ఉన్నాయో చూసుకున్న తరువాతే వ్యుత్పత్తిని రాసుకోవాలి.