పీరియడ్స్‌కి ముందు వారం కోసం కొన్ని ఆసనాలు

పీరియడ్స్ ఇంకా వారం ఉందనగానే పొట్ట ఉబ్బరం, రొమ్ముల్లో సలుపు, నడుం లాగడం, ఉన్నట్టుండి ఏడుపు, చిన్న మాటకే కోపం... ఇవి మీ బుద్ధి మారి వచ్చేవి కావు. అండం విడుదలయ్యాక పెరిగిన హార్మోన్లు నెలసరి దగ్గరపడేసరికి పడిపోతాయి, ఆ మార్పుకి కొందరి శరీరం, మెదడు ఎక్కువగా స్పందిస్తాయి. యోగా ఆ హార్మోన్లను సరిచేసేస్తుందని నేను చెప్పను. కానీ బిగుసుకున్న నడుం వదులవుతుంది, మనసు కాస్త కుదుటపడుతుంది, నిద్ర పడుతుంది. ఆ వారంలో అదేమీ చిన్న విషయం కాదు.

ముందు రెండు నెలలు క్యాలెండర్‌లో రాసుకోండి, ఏ రోజు ఏ ఇబ్బంది మొదలైందో. మీకు చిరాకు ఎప్పుడు మొదలవుతుందో తెలిస్తే దానికి రెండు మూడు రోజుల ముందే ఆసనాలు మొదలుపెట్టొచ్చు. తిన్న వెంటనే వద్దు, రెండు మూడు గంటలు ఆగండి. ఇంట్లోవాళ్లకి చెప్పి గది తలుపు వేసుకోండి, ఆ అరగంట వంటింట్లోంచి ఎవరూ పిలవకూడదు.

మొదట మార్జాలాసనం. చేతులు, మోకాళ్ల మీద నిలబడి, గాలి పీలుస్తూ ఛాతీ పైకెత్తండి, వదులుతూ వీపు గుండ్రంగా వంచండి. ఎనిమిది పదిసార్లు చాలు. అలాగే వెనక్కి మడమల మీద కూర్చుని ముందుకి వాలితే బాలాసనం. రొమ్ములు నొప్పిగా ఉంటే నేల మీదకి వాలకండి, ఎదురుగా రెండు దిండ్లు పెట్టుకుని వాటి మీద తల ఆనించండి. మోకాళ్ల నొప్పులుంటే ఇది వదిలేయండి.

నాకైతే అన్నిటికంటే సుప్త బద్ధకోణాసనమే ఇష్టం. వెల్లకిలా పడుకుని, అరికాళ్లు రెండూ కలిపి, మోకాళ్లు పక్కలకి వదిలేయాలి, కానీ అలా గాల్లో వేలాడితే తొడలు లాగి ఇంకా టెన్షన్ వస్తుంది కాబట్టి రెండు మోకాళ్ల కింద దిండ్లు గానీ మడిచిన పాత చీరలు గానీ పెట్టండి, వీపు కింద కూడా ఒకటి పెడితే ఛాతీ తెరుచుకుంటుంది. ఐదు నిమిషాలు. నాలుగు అంకెలు లెక్కపెడుతూ గాలి పీల్చండి, ఆరు లెక్కపెడుతూ వదలండి. వదలడమే ఎక్కువసేపు ఉండాలి, శరీరం నెమ్మదించేది అప్పుడే. కష్టంగా ఉంటే పీల్చడానికి మూడు, వదలడానికి నాలుగు అంకెలతో మొదలుపెట్టండి, ఊపిరి బిగపట్టొద్దు.

కాళ్లు బరువుగా అనిపిస్తే గోడకి ఆనించి పైకి పెట్టి పడుకోండి. గ్లాకోమా, అదుపులో లేని బీపీ ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడిగాకే చేయాలి. పొట్టని లోపలికి లాగుతూ గాలిని వేగంగా వదిలే కపాలభాతి, పొట్ట మీద పడుకునే ఆసనాలు ఈ వారం పక్కన పెట్టండి, ఉబ్బరంగా ఉన్న పొట్టని ఎందుకు ఇబ్బంది పెట్టడం? గర్భం వచ్చిందేమో అన్న అనుమానం ఉంటే ముందు టెస్ట్ చేసుకోండి.

చివర్లో శవాసనం. ఊరికే పడుకుంటే ఆఫీసు గొడవలే గుర్తొస్తున్నాయంటే, అమెరికా వైద్యుడు ఎడ్మండ్ జాకబ్సన్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి పట్టుకోండి. పాదాల వేళ్లు ఐదు సెకన్లు గట్టిగా బిగించి ఒక్కసారిగా వదిలేయండి, ఇరవై సెకన్లు ఆ వదులు ఎలా ఉందో గమనించండి. తర్వాత పిక్కలు, తొడలు, పిరుదులు, పొట్ట, పిడికిళ్లు, భుజాలు, చివరికి ముఖం. పిక్కలు పట్టేసే అలవాటున్నవాళ్లు అక్కడ కొంచెమే బిగించండి. దవడ దగ్గర మాత్రం కాసేపు ఆగి గమనించండి, పళ్లు బిగపట్టి ఉన్నామని చాలామందికి అప్పటిదాకా తెలియదు. మధ్యలో నిద్రొస్తే పడుకోండి, ఏం ఫర్వాలేదు.

ఆ వారం పచ్చళ్లు, అప్పడాలు తగ్గించండి, సాయంత్రం కాఫీ మానేస్తే నిద్రకి మంచిది.

ఇన్ని చేసినా ప్రతి నెలా ఉద్యోగానికి వెళ్లలేనంతగా కుంగిపోతుంటే గైనకాలజిస్ట్‌ని కలవండి, అది పీఎండీడీ, అంటే నెలసరికి ముందు మనసుని తీవ్రంగా కుంగదీసే సమస్య కావచ్చు, దానికి మందులున్నాయి. బతకాలని లేదనిపిస్తే మాత్రం అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు. పక్కనున్నవాళ్లకి చెప్పండి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి వెంటనే ఫోన్ చేయండి. పగలూ రాత్రీ ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.