పుస్తకంలోని నక్కను నిలబెట్టిన తీరు

మా అమ్మాయి కథల పుస్తకంలో ఉన్న నక్కను బొమ్మగా చేసి, ఫోన్‌లో స్టాప్ మోషన్ (బొమ్మను కొద్దికొద్దిగా కదుపుతూ తీసిన ఫొటోలను కలిపి చేసే వీడియో) తీద్దామనుకున్నాం. కాగితం మీద ముద్దుగానే ఉంటుంది గానీ, సన్నటి కాళ్ల మీద గుమ్మడికాయంత తల! మట్టితో చేస్తే నిలబెట్టగానే ముందుకు తూలేది.

అసలు చిక్కు బరువుది. అందుకే తలను కొండపల్లి బొమ్మలకు వాడే తెల్ల పొణికి చెక్కతో చేశాను. భలే తేలిక, చాకుకు ఇట్టే లొంగుతుంది. చెవుల్నీ ముక్కునీ అక్కడి పద్ధతిలోనే చింతపిక్కల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికించాను. అది పూర్తిగా ఆరేదాకా రంగు జోలికి వెళ్లకూడదు.

ఒంటికి అల్యూమినియం తీగ. ఒక్క పోగే అయితే పదేపదే వంచేసరికి పుటుక్కున విరుగుతుంది. రెండు పోగులు కలిపి మెలేస్తే చాలాకాలం ఓర్చుకుంటుంది. కీళ్లు వదిలేసి, మధ్యలో ఎముకల చోట ఎం-సీల్ (ఆరాక గట్టిపడే ముద్ద) చుట్టాను. ఇక వంగాల్సిన చోటే వంగుతుంది. అరికాళ్లలో నట్లు పొదిగి, చిల్లులు పెట్టిన ప్లైవుడ్ చెక్క కిందినుంచి బోల్టులు బిగించాక, ఒక కాలు ఎత్తినా నక్క తొణకలేదు.

పుస్తకంలో వెనకవైపు బొమ్మే లేదు. తోక ఎలా ఉండాలో మా అమ్మాయే గీసిచ్చింది (చిత్రకారుడు ఏమంటాడో మరి).

వీడియో మిణుకుమిణుకుమంటే ఫోన్‌లో ఎక్స్‌పోజర్ (వెలుతురు మోతాదు), ఫోకస్ మారకుండా లాక్ చేసి, కిటికీ మూసి ఎల్‌ఈడీ దీపం పెట్టాను. వీడియోలో ఒక్కో సెకనుకు 12 ఫొటోలు వచ్చేలా తీస్తే నడక చక్కగానే వస్తుంది.