పిట్టల వేటకి మొదటి కుక్క, పాఠం 4: జాతి పేరు దగ్గర ఆగిపోకండి

పోయిన పాఠంలో ఒక వాక్యం రాసి ముందుకెళ్ళిపోయా. "పాయింట్ చేసే కుక్క కొత్తవాళ్ళకి టైమ్ ఇస్తుంది" అని (పాయింట్ అంటే పిట్ట వాసన తగలగానే కదలకుండా నిలబడి చూపించడం). అక్కడ ఆగి ఇంకో రెండు పేరాలు రాయాల్సింది. రాయకపోయేసరికి హోమ్‌వర్క్ పంపినవాళ్ళలో సగం మందికి పైగా "అయితే జర్మన్ షార్ట్‌హెయిర్ తీసుకుంటున్నాం అన్నా" అని రాశారు. ఒక తమ్ముడు అడ్వాన్స్ కూడా కట్టేశాడు. అతనుండేది అమెరికాలో సౌత్ డకోటా రాష్ట్రం సూ ఫాల్స్‌లో అపార్ట్‌మెంట్, వేటాడాలనుకునేది డిసెంబర్లో జమ్ముగడ్డి నిండిన మడుగుల్లో ఫెజెంట్లని (కోడి లాంటి పెద్ద పిట్టలు), ఇంట్లో ఆరు నెలల పాప. ఆ తమ్ముడితో ఫోన్లో గంటసేపు మాట్లాడా. ఈసారి కుక్కపిల్లని ఇంటికి తెచ్చిన మొదటి వారం గురించి రాద్దామనుకున్నా గానీ, ఇది సరిచేయకుండా ముందుకెళ్తే మీలో చాలామంది తప్పు కుక్కతో పన్నెండేళ్ళు ఉండాల్సొస్తది, అందుకని ఆ పాఠం వచ్చేసారికి జరిపా.

నేను చెప్పిన మాట తప్పు కాదు, అయితే అది కూర్చునే పిట్టకి చెప్పిన మాట. టెక్సాస్‌లో బాబ్‌వైట్ క్వెయిల్ ఉంది కదా, అది గుంపుగా గడ్డి దుబ్బులో నక్కి కూర్చుంటది, కుక్క వచ్చి నిలబడినా కదలదు, అసలు నక్కి ఉండటమే దాని బతుకుతెరువు. అక్కడ పాయింటరో షార్ట్‌హెయిరో నూటయాభై గజాల అవతల తోక బిగించి, ముందుకాలు ఒకటి పైకెత్తి, ముక్కు దుబ్బు వైపు పెట్టి బొమ్మలా నిలబడిపోతే, మీరు నెమ్మదిగా నడుచుకుంటూ వెళ్ళి, తుపాకీ సరిగ్గా పట్టుకుని, పక్కన మనిషి ఎక్కడున్నాడో చూసుకుని, అప్పుడు గడ్డిలోకి అడుగేస్తారు. టైమ్ ఇస్తుంది అన్నది దీన్నే. డాలస్ నుంచి రాసినాయన షార్ట్‌హెయిర్ అన్నాడు, ఆయనకది సరైన ఎంపికే, మార్చుకోవద్దు.

ఫెజెంట్ పుంజు అలా కూర్చోదు, పరిగెత్తుద్ది. రెండేళ్ళ క్రితం నవంబర్ ఆఖర్లో పశ్చిమ మిన్నెసోటాలో ఒక మడుగు అంచున నా ఫ్రెండ్ షార్ట్‌హెయిర్ పాయింట్ పెట్టింది. అప్పుడు దానికి ఏడాదిన్నర. మేం ఎనభై గజాలు ఆ మంచులో గబగబా నడిచి వెళ్తే అక్కడ ఏమీ లేదు, మంచు మీద మూడు వేళ్ళ అడుగులు మాత్రం జమ్ములోకి వెళ్ళిపోయున్నాయి. కుక్కని వదిలితే ముప్పై గజాలు పోయి మళ్ళీ నిలబడింది, మళ్ళీ ఖాళీ. ఇలా మూడుసార్లయ్యాక మడుగు అవతలి కొసన, మాకు డెబ్భై గజాల దూరంలో, పుంజు కొక్కొక్కొక్ అని అరుచుకుంటూ లేచి పోయింది. షాట్‌గన్ పిట్ట మీద నమ్మకంగా పనిచేసేది నలభై గజాల లోపే, ఆపైన కాలిస్తే గాయపడి ఎక్కడో పడి చస్తది, అది నేను ఒప్పుకోను. అదే మడుగుకి మరుసటి వారం ఒక ముసలాయన లాబ్రడార్‌తో వెళ్ళాం. ఆ కుక్క మాకు ఇరవై గజాలు దాటి పోలేదు, ముక్కు నేలకి ఆనించి జాడ మీద పోతా ఉంటే దాని తోక ఊపులో తేడా వచ్చింది, మొదట నెమ్మదిగా ఊగుతున్నది ఒక్కసారిగా గిరగిరా తిరగడం మొదలెట్టింది, ముసలాయన "సిద్ధంగా ఉండు" అన్నాడు, జమ్ములోంచి పదిహేను గజాల్లో పుంజు లేచింది. పడ్డాక, మంచు పెళ్ళలు తేలుతున్న నీళ్ళలోకి దూకి తెచ్చింది కూడా.

షార్ట్‌హెయిర్ పరిగెత్తే పుంజుని ఆపలేదని కాదు. బాగా తెలిసిన కుక్క చుట్టు తిరిగొచ్చి పుంజుకి అడ్డంగా నిలబడటం కూడా చూశా. కానీ అది దానికి సీజన్ల తరబడి, బోలెడు పిట్టల మీద తిరిగితే వచ్చే విద్య. సంవత్సరానికి ఆరేడు వీకెండ్లు వెళ్ళే కొత్త మనిషి దగ్గర అది నేర్చుకోవడానికి ఎన్నేళ్ళు పడుతుందో మీరే లెక్కేసుకోండి.

కాబట్టి మొదటి ప్రశ్న ఏ జాతి అని కాదు, ఏ పిట్ట అని. క్వెయిల్, హంగేరియన్ పార్ట్రిడ్జ్, వుడ్‌కాక్ లాంటివి అయితే పాయింట్ చేసే కుక్క. జమ్ములో, మొక్కజొన్న చేల అంచుల్లో ఫెజెంట్ అయితే లాబ్రడార్, లేదా ఇంగ్లిష్ స్ప్రింగర్. ఉత్తర మిన్నెసోటా, విస్కాన్సిన్ అడవుల్లో రఫ్డ్ గ్రౌస్ అయితే దగ్గరగా వెతికే సెట్టరో బ్రిట్నీయో. అక్కడ కుర్ర ఆస్పెన్ చెట్లు ఎంత ఒత్తుగా ఉంటాయంటే కుక్క నలభై అడుగులు పోతే కనపడదు, మెడలో గంట చప్పుడు ఆగితే పాయింట్ పెట్టిందని అర్థం. ఈ మూడూ కొంచెం కొంచెం వేటాడేవాళ్ళకి, అంటే మీలో ఎక్కువమందికి, నా ఓటు బ్రిట్నీకి. ముప్పై నుంచి నలభై పౌన్లు ఉంటది, కారు వెనక సీట్లో సర్దుకుంటది, మనిషికి దగ్గరగా తిరుగుద్ది, గట్టిగా కసిరితే ముడుచుకుపోతది కాబట్టి మిమ్మల్ని కూడా నిదానంగా ఉండేలా చేస్తది. పాత పుస్తకాల్లో బ్రిట్నీ స్పానియల్ అని ఉంటది, ఏకేసీ, అంటే అమెరికన్ కెనెల్ క్లబ్, 1982లో స్పానియల్ అన్న మాట తీసేసింది, ఎందుకంటే ఇది పాయింట్ చేసే కుక్క. సూ ఫాల్స్ తమ్ముడికి మాత్రం నేను చెప్పింది వేట లైన్ (వేట పనికే ఎంచి కలిపిన వంశం) ఇంగ్లిష్ కాకర్. చిన్నది, జమ్ములోకి దూరిపోద్ది, పరిగెత్తే పుంజు వెంట పడి లేపుద్ది. చిన్న కుక్క కాబట్టి గడ్డకట్టే నీళ్ళలో ఎక్కువసేపు ఉంచొద్దని కూడా చెప్పా.

మిగతావి త్వరగా చెప్పేస్తా. విజ్లా మంచి కుక్క, ఒంటరిగా ఉండలేదు, మీరిద్దరూ ఆఫీసుకెళ్తే వద్దు. వైమరానర్‌లో వేట లైన్ దొరకడం కష్టం. డ్రాట్‌హార్ గట్టి కుక్క, మొదటి కుక్కగా వద్దు. ఇంగ్లిష్ పాయింటర్ దూరంగా పరిగెత్తే కుక్క, పొలాలు ఉన్నవాళ్ళకి. సెట్టర్ అందమే అందం, కానీ సాయంత్రం రెండు గంటలు దాని చెవుల వెనక, చంకల్లో పల్లేరు కాయల్లాంటి ముళ్ళు ఏరడానికి సిద్ధపడండి. వ్యాక్సిన్లు, తిండి, క్రేట్ గురించి రాయను, అవి మీకు తెలిసినవే.

ఇక నాకు నిజంగా కోపం తెప్పించే విషయం. "అన్నా, పేపర్లు ఉన్నాయి, ఏకేసీ రిజిస్టర్డ్, అంటే మంచి కుక్కే కదా?" కాదు. రిజిస్ట్రేషన్ కాగితం చెప్పేది ఒక్కటే, ఫలానా తల్లికి ఫలానా తండ్రికి పుట్టింది, ఇద్దరూ అదే జాతి అని. తల్లి జన్మలో ఒక్క పిట్ట వాసన చూడకపోయినా ఆ కాగితం వస్తది. మన దగ్గర స్టడీ సర్టిఫికెట్ ఉంటది కదా, ఫలానా స్కూల్లో చదివాడని, అందులో మార్కులుండవు, ఇదీ అంతే. నా మొదటి కుక్క ఇలాగే వచ్చింది. స్ప్రింగర్, ఇల్లినాయ్‌లో ఒక బ్రీడర్ దగ్గర, పేరు రాయను. ఫైల్ నిండా కాగితాలు, గోడ నిండా రిబ్బన్లు, అన్నీ షో రిబ్బన్లని నాకు అప్పుడు తెలీదు. స్ప్రింగర్లలో షో లైన్, వేట లైన్ ఎప్పుడో విడిపోయాయి, పక్కపక్కన నిలబెడితే రెండు వేరే జాతులనుకుంటారు. షో కుక్క బరువుగా, పొడవాటి చెవులతో, ఒత్తు బొచ్చుతో ఉంటది, వేట కుక్క సన్నగా, పొట్టి బొచ్చుతో. నా కుక్క బంగారం లాంటిది, పిల్లలతో పదమూడేళ్ళు ఆడుకుంది, కానీ మొదటి సీజన్లో నా కళ్ళ ముందే ఒక పెట్టని దాటుకుంటూ నడిచివెళ్ళి నీడలో పడుకుంది. దాని తప్పేం లేదు, దాని తల్లిదండ్రుల్ని ఆ పనికి ఎంచి కలపలేదు.

కాబట్టి కాగితం మీద అక్షరాలు చదవడం నేర్చుకోండి. పేరు ముందు సీహెచ్ అని ఉంటే అది అందాల పోటీ చాంపియన్. ఎఫ్‌సీ అని ఉంటే ఫీల్డ్ చాంపియన్, పోటీలో పని చేసి గెలిచింది. పేరు తర్వాత జేహెచ్, ఎస్‌హెచ్, ఎంహెచ్ అని ఉంటే జూనియర్, సీనియర్, మాస్టర్ హంటర్ అని, ఇవి పోటీలు కావు, ఒక స్థాయి పెట్టి దానికి తూగిందా లేదా అని చూసే పరీక్షలు. ఇక్కడ ఇంకో గుంట ఉంది. ఎఫ్‌సీ కనపడగానే సంబరపడొద్దు. లాబ్రడార్లలో తల్లి, తండ్రి రెండువైపులా ఎఫ్‌సీలు నిండిన లిట్టర్ (ఒక కాన్పు పిల్లలు) అంటే రేసు కారు, కొత్త డ్రైవర్ చేతిలో పెట్టకూడదు. మొదటి కుక్కకి నేను చూసేది ఎస్‌హెచ్, ఎంహెచ్ ఉన్న తల్లి, ఇంట్లో మనుషుల మధ్య పెరిగిన తల్లి. షార్ట్‌హెయిర్, బ్రిట్నీ, గ్రిఫాన్ లాంటి వాటికి నావ్డా పరీక్షలు ఉంటాయి, నావ్డా అంటే నార్త్ అమెరికన్ వెర్సటైల్ హంటింగ్ డాగ్ అసోసియేషన్, 1969లో మొదలైన సంస్థ. అందులో నేచురల్ ఎబిలిటీ అనేది పదహారు నెలల లోపు పిల్లలకి, ముక్కు, వెతుకులాట, జాడ పట్టడం, పాయింట్, నీళ్ళు, ఆసక్తి, మాట వినడం చూస్తారు, పూర్తి మార్కులు 112. ఒకే తల్లి మునుపటి లిట్టర్ పిల్లలు ఎంతమంది ఆ పరీక్షకి వెళ్ళారు, ఎలా చేశారు అని అడగండి. ఒక్క కుక్కకి 112 రావడం కన్నా ఆరుగురు తోబుట్టువులకి బాగా రావడం నాకు ఎక్కువ నమ్మకం.

అన్నిటికన్నా పైన, పాడిని చూసి బర్రెని, తల్లిని చూసి పిల్లని అన్నారు. తల్లి పిట్టల మీద పనిచేస్తుంటే మీ కళ్ళతో చూడండి. "ఇప్పుడు పిల్లలకి పాలిస్తోంది" అంటే న్యాయమే, పాత వీడియో అడగండి, ఎడిట్ చేయనిది, పది నిమిషాలది. చూపించేదాకా అడ్వాన్స్ కట్టొద్దు. చూసేటప్పుడు మూడు గమనించండి, యజమానిని ఎన్నిసార్లు తిరిగి చూస్తోంది, పిట్ట పోయాక మాట వింటోందా, కారెక్కాక ఎంతసేపట్లో శాంతిస్తోంది. ఆ మూడోది ఎవరూ చెప్పరు, సీజన్ కాని రోజులన్నీ మీరు బతకాల్సింది దాంతోనే. ఆరోగ్యం సంగతికొస్తే తుంటి కీళ్ళకి ఓఎఫ్ఏ (కుక్కల కీళ్ళ ఎక్స్‌రేలు చూసి రేటింగ్ ఇచ్చే సంస్థ) సర్టిఫికెట్ చూడండి, అసలు రేటింగ్ ఇచ్చేది రెండేళ్ళు నిండాకే, అంటే ఏడాదిన్నర తల్లికి ఫైనల్ రేటింగ్ ఉందంటే అబద్ధం. లాబ్రడార్ అయితే ఈఐసీ అనే జబ్బుకి డీఎన్ఏ పరీక్ష అడగండి, ఆ జబ్బు ఉన్న కుక్క గట్టిగా పరిగెత్తాక వెనక కాళ్ళు పడిపోయి కూలబడుతుంది.

లిట్టర్ ఫిబ్రవరి, మార్చిలో పుట్టింది అయితే మంచిది, ఎనిమిది వారాలకి తెచ్చుకుంటే వేసవి అంతా చేతిలో ఉంటది, అక్టోబర్‌కి ఏడెనిమిది నెలలు. ఆ సీజన్ పిల్లకి పిట్టలు చూపించడానికే. తుపాకీ చప్పుడు అలవాటు చేయడం గురించి వేరే పాఠం రాస్తా, అప్పటిదాకా దాన్ని షూటింగ్ రేంజ్‌కి తీసుకెళ్ళొద్దు. దయచేసి.

ఇద్దరు అడిగారు కాబట్టి రెండు మాటలు. హెచ్ వన్ బీ లాంటి వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం, చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ ఉన్నవాళ్ళకి మినహాయింపు. లైసెన్స్ గడువు తీరితే ఆ మినహాయింపూ తీరినట్టే, ఫోన్లో రిమైండర్ పెట్టుకోండి. ఇంకొకరు ఈ కుక్కని ఒంగోలు దగ్గర వాళ్ళ కంది చేలో కౌజుల మీదకి తీసుకెళ్ళొచ్చా అన్నారు. కుదరదు. 1972 వన్యప్రాణి చట్టం కింద మన దగ్గర అడవి పిట్టల్ని వేటాడటం నేరం.

హోమ్‌వర్క్ ఈసారి కష్టంగా ఉంటది, తెలిసే ఇస్తున్నా. రేపటి నుంచి పద్నాలుగు రోజులు, పొద్దున ఐదున్నరకి లేచి ముప్పావుగంట, సాయంత్రం ముప్పావుగంట నడవండి. కుక్క లేకుండానే. వాన పడినా, స్టాండప్ మీటింగ్ ఉన్నా. ఏ పూట మానేశారో, ఎందుకు మానేశారో ఒక నోట్‌బుక్‌లో రాయండి. నాలుగు పూటల కన్నా ఎక్కువ మానేస్తే ఈ ఏడు కుక్కని తీసుకోకండి, వేరేవాళ్ళ కుక్కల వెంట వేటకి వెళ్ళండి, అది కూడా మంచి చదువే.

రెండోది, మీ దగ్గరలో జరిగే హంట్ టెస్టో, నావ్డా ట్రైనింగ్ రోజో చూసుకుని తుపాకీ లేకుండా వెళ్ళి, కుక్కలు వెతకడానికి గడ్డిలో పిట్టల్ని పెట్టే పని చేస్తామని అడగండి, సాయం చేసేవాళ్ళని సంతోషంగా రానిస్తారు. అక్కడ కనీసం మూడు జాతుల కుక్కలు పనిచేయడం చూసి, ఒక్కోటి యజమానికి ఎన్ని గజాల దూరంలో తిరిగిందో అంచనాగా రాసుకోండి. ముందుగా ఇంటి దగ్గర ఖాళీ స్థలంలో ఇరవై ఐదు గజాల దగ్గర ఒక కర్ర, అరవై దగ్గర ఒక కర్ర పాతి కళ్ళకి అలవాటు చేసుకోండి, లేకపోతే అందరూ అరవైని నలభై అంటారు. నోట్‌బుక్ పేజీల ఫొటోలు నాకు పంపండి. జాతి పేరు ఇంకా రాయొద్దు. పిట్ట పేరు, ఊరు పేరు, మానేసిన పూటల లెక్క, ఈ మూడే.