లిఫ్ట్ ఆగినప్పుడల్లా చందాలు: మా అపార్ట్‌మెంట్‌లో ఎలా ఆపామంటే

మాది 40 ఫ్లాట్ల పాత అపార్ట్‌మెంట్. మోటారు కాలినా, లిఫ్ట్ ఆగినా అప్పటికప్పుడు వసూళ్లు, వాట్సాప్‌లో గొడవ. మెయింటెనెన్స్ పెంచాం, ఏఎంసీ (ఏడాది మరమ్మతుల కాంట్రాక్టు) మార్చాం, లాభం లేదు.

చివరికి ఒక ఆదివారం ఎలక్ట్రీషియన్‌ని వెంటబెట్టుకుని సంపు నుంచి టెర్రస్ దాకా తిరిగి, ప్రతిదానికీ ఎప్పుడు పెట్టారు, ఇంకెన్నేళ్లు వస్తుంది, ఇవాళ మారిస్తే ఎంత అని రాసుకున్నాం (జనరేటర్ ప్లేటు మీద తుప్పు గీకితే గానీ ఏడాది కనబడలేదు). తర్వాత ఖర్చుని మిగిలిన ఏళ్లతో భాగించాం. లిఫ్ట్ 12 లక్షలు ఆరేళ్లకి, రంగులు 8 లక్షలు నాలుగేళ్లకి, టెర్రస్ వాటర్‌ప్రూఫింగ్ 4 లక్షలు ఐదేళ్లకి, అంటే ఏడాదికి 4.8 లక్షలు, ఫ్లాటుకి నెలకి 1,000. ఆ డబ్బుకి వేరే ఖాతా తెరిచాం, రేట్లు మాత్రం ఏటా సరిచూసుకోవాలి.

ఎస్టీపీ (మురుగునీటి శుద్ధి ప్లాంటు), ఫైర్ పంపులున్న పెద్ద గేటెడ్ కమ్యూనిటీలకి ఇది చాలకపోవచ్చు, ఇంజనీరు కావాలేమో. మాకూ రెండేళ్లే అయింది, లిఫ్ట్ ముందే మొరాయిస్తే మళ్లీ టెన్షనే.