ఒళ్లో హార్ప్ - 5వ పాఠం: తెగిన తీగలు, రోహిణి ఎండలు, అయిదు స్వరాల మోహన

నాలుగో పాఠం చదివి, ఒళ్లో పెట్టుకొని వాయించే చిన్న హార్ప్‌ను శ్రుతి చేయబోయిన వాళ్లలో చాలామందికి తీగ తెగింది. మిర్యాలగూడ, జడ్చర్ల, వనపర్తి, దేవరకొండ, ఎక్కడి నుంచి సందేశం వచ్చినా అదే మాట. ఈసారి మోహన రాగం మొదలుపెడదాం అనుకున్నాం. మొదలుపెడదాం, కానీ చివర్లో. తీగల సంగతి తేలకుండా ముందుకు పోవడం కుదరదు.

నకిరేకల్ నుంచి ఒక అక్క రాసిన సంగతి ముందు చెప్పాలి. సాయంత్రం ఇంట్లో ప్రార్థనకు కూర్చునే ముందు శ్రుతి చేస్తుంటే తీగ టప్పున తెగిందట. అది మంచి సూచన కాదని అత్తమ్మ అన్నదట. అప్పటి నుంచి హార్ప్ బీరువా ఎక్కి కూర్చుంది. అక్కా, తీగ తెగడంలో సూచన ఏమీ లేదు. ఉక్కు తీగ కొంత లాగుడు ఓర్చుకుంటుంది, మించితే తెగుతుంది. అత్తమ్మను పక్కన కూర్చోబెట్టుకొని 150వ కీర్తన చదివి వినిపించండి. దేవుణ్ని స్తుతించమని చెప్పిన వాద్యాల్లో తీగల వాద్యాలు కూడా ఉన్నాయి. తీగల వాద్యాలన్నాక అప్పుడప్పుడూ తెగుతూనే ఉంటాయి. హార్ప్‌ను మాత్రం ఈరోజే బీరువా మీది నుంచి దించండి. ఎందుకో కింద చెప్తాను.

యాప్‌లో అక్షరం పక్కన అంకె

16 తీగల లైర్ హార్ప్‌లో అన్నిటికన్నా పొడుగు తీగ 1వది, జి3 (సి, డి, ఇ లాంటివి స్వరాలకు పాశ్చాత్య సంగీతంలో పేర్లు, పక్కనున్న అంకె ఏ స్థాయిదో చెప్తుంది). నాలుగోది సి4, పదకొండోది సి5, అన్నిటికన్నా పొట్టిది 16వది, ఎ5. శ్రుతి చూపే ఫోన్ యాప్‌లో 'సి' అని పచ్చగా వెలగగానే పని అయిపోయిందనుకోకండి. పక్కనున్న అంకె కూడా చూడాలి. సి4 అంటే సెకనుకు సుమారు 262 కంపనాలు, సి5 అంటే 523. ఒకే తీగను ఆ రెట్టింపు స్థాయికి ఎక్కించాలంటే లాగుడు రెండింతలు చేస్తే చాలదు, నాలుగింతలు చేయాలి. అక్కడికి చేరకముందే తీగ తెగుతుంది. ఒక్క అర స్వరం పెంచినా లాగుడు 12 శాతం పెరుగుతుంది. అందుకే తీగ చుట్టుకునే పిన్‌ను తిప్పే కీని ఒకసారికి పావు చుట్టు కన్నా తక్కువే తిప్పమని చెప్పేది.

అంకె చూపించని యాప్ ఏదైనా సరే, తీసేయండి. 19 తీగలవి కొన్నవాళ్లకు మామూలుగా ఎఫ్3 నుంచి సి6 దాకా ఉంటుంది. పెట్టెలో వచ్చిన కాగితం ఒకసారి చూసుకోండి.

తప్పు పిన్

ఎక్కువ తీగలు తెగింది దీనివల్లే. మీరు పంపిన వీడియోల్లో ఇదే కనబడింది. ఇది ఆపడం చాలా తేలిక, అందుకే చూస్తుంటే ప్రాణం ఉసూరుమంటుంది.

జరిగేది ఇది. మీరు 8వ తీగ మీటుతారు. యాప్ తక్కువుందని చూపిస్తుంది. కీ తీసుకొని పిన్ మీద పెట్టి కొంచెం తిప్పుతారు. మళ్లీ 8వ తీగ మీటుతారు. సూది కదలదు. ఇంకొంచెం తిప్పుతారు. కదలదు. ఫోన్ సరిగా వినడం లేదనుకొని దగ్గరికి జరుపుకొని మళ్లీ తిప్పుతారు. ఈలోగా మీరు మీటనే మీటని 9వ తీగ తెగుతుంది. సూది కదలలేదంటే అర్థం ఒక్కటే: మీరు తిప్పేది ఆ తీగ పిన్ కాదు. అక్కడే ఆగిపోవాలి. ఇంకొక్క వెంట్రుకవాసి కూడా తిప్పకూడదు.

పిన్‌లు చాలా హార్ప్‌ల మీద రెండు వరసల్లో, ఒకటి పైన ఒకటి కింద ఉంటాయి. కన్ను తిన్నగా పైకి పోయి దగ్గరున్న పిన్ మీద ఆగుతుంది. తీగ మాత్రం పక్క వరసలోకి పోతుంది. కాబట్టి కంటిని నమ్మొద్దు, వేలిని నమ్మండి. ఎడమ చూపుడు వేలు తీగ మీద పెట్టి, వేలు ఎత్తకుండా పిన్ దాకా పాకించండి. వేలు ఆ పిన్‌ను తాకుతుండగానే కుడి చేత్తో కీ తొడగండి. తర్వాత, ఇది ముఖ్యం, ముందు కొంచెం వదులు చేయండి. బిగించకండి. మీటండి. స్వరం కిందికి దిగిందా? అయితే సరైన పిన్. ఇప్పుడు నిదానంగా ఎక్కించండి. దిగలేదా? కీ తీసి మళ్లీ వేలితో మొదలుపెట్టండి. పొరపాటున పక్క తీగ వదులైతే మళ్లీ బిగించుకోవచ్చు, తెగితే అతికించలేం.

ఒక తమ్ముడు కరెంటు పోయినప్పుడు ఫోన్ లైటు నోట్లో పెట్టుకొని శ్రుతి చేశాడు. ఒక అన్న తీగ మీటే పని కొడుక్కిచ్చి, కీ తాను తిప్పాడు. కొడుకు ఒక తీగ, తండ్రి ఇంకో తీగ. ఒక పంతులమ్మ ఫోన్లో మాట్లాడుతూ చేశారు. పాలమూరు నుంచి ఇంకొకరు ఒక తీగ తెగితే దాని బదులు కొత్తది కట్టి, అదే తప్పుతో దాని పక్కది కూడా తెంపుకున్నారు. నలుగురి తప్పూ ఒకటే. శ్రుతి చేసేటప్పుడు మీటే చెయ్యి, తిప్పే చెయ్యి ఒకే మనిషివి కావాలి, ఆ మనిషి ఇంకే పనీ పెట్టుకోకూడదు. ముఖం తీగలకు పక్కగా ఉంచండి. కళ్లద్దాలు ఉంటే పెట్టుకోండి. తెగిన ఉక్కు తీగ కంటికి తగిలితే చాలా ప్రమాదం.

కచేరీల్లో వాయించే పెద్ద హార్ప్‌కు 47 తీగలు ఉంటాయి. అన్ని తీగల మధ్య వెతుక్కోకుండా సి తీగలు ఎర్రగా, ఎఫ్ తీగలు నల్లగానో నీలంగానో ఉంటాయి. మనమూ అదే చేద్దాం. తీగకు రంగు పూయకండి, నాదం మొద్దుబారుతుంది. పిన్ పక్కన చెక్క మీద 4, 11 దగ్గర ఎర్ర గోళ్ల రంగు చుక్క, 7, 14 దగ్గర నల్ల చుక్క పెట్టండి. వస్తువు అందం పోతుందని కొందరికి ఉంటుంది. నా హార్ప్ నిండా చుక్కలే. ఈ చుక్కలు మోహనకు కూడా పనికొస్తాయి.

ఈ ఎండలో హార్ప్ ఎక్కడ పెట్టాలి

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. పలచటి చెక్క పెట్టె ఎంతకు ఓర్చుకుంటుంది? మన నల్లగొండ మధ్యాహ్నాలు 44 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు ఉక్కు తీగ వేడికి సాగి స్వరం దిగుతుంది. దిగింది కదా అని ఆ వేళలో బిగిస్తే, తెల్లవారి చల్లబడ్డాక తీగ ముడుచుకొని లాగుడు ఇంకా పెరుగుతుంది. అసలే అంచు మీదున్న తీగ అప్పుడు తెగుతుంది. శ్రుతి చేయాలంటే పొద్దున ఆరు లోపే. మధ్యాహ్నం కీ ముట్టుకోవద్దు.

బీరువా మీద ఎందుకు వద్దన్నానంటే, స్లాబు వేడి నేరుగా తగిలేది అక్కడే. ఆ వేడికి జిగురు మెత్తబడి అతుకులు విడుతాయి. ఎండలో నిలిపిన కారూ అంతే. కూలర్ ముందు పెట్టిన వాళ్లూ ఉన్నారు. చల్లగా ఉంటుందని పెట్టారు, కానీ కూలర్ నుంచి వచ్చేది తడి గాలి. దానికి తీగ తుప్పు పడుతుంది, చెక్క ఉబ్బుతుంది. నడిమి గదిలో, బయటి గోడకు దూరంగా, బట్ట సంచిలో, మంచం ఎత్తుకు మించకుండా ఉంచండి. వాయించాక పొడి నూలు బట్టతో తీగలు తుడవండి. చేతి చెమటలో ఉప్పు ఉంటుంది.

మృగశిర వచ్చి వానలు పడ్డాక సంగతి తిరగబడుతుంది. చెక్క తేమ పీల్చి ఉబ్బితే స్వరం పైకి పోతుంది. అప్పుడు బిగించే పని ఉండదు, వదులు చేసే పనే ఉంటుంది.

తొందర ఎవరికి?

యాసంగి వడ్లు అమ్మిన తర్వాత, వానాకాలం దుక్కులకు ముందు మన పల్లెలకు కొన్ని రోజులు తీరిక దొరుకుతుంది. బడులకు సెలవులు. మధ్యాహ్నం ఎవరూ బయట తిరగరు. ఈ తీరికలో హార్ప్ పట్టుకోమని చెప్పేది కూడా అందుకే, ఒళ్లూ మనసూ రెండూ కుదుటపడే కాలమిది. కానీ మీ సందేశాల నిండా టెన్షనే. చర్చిలో వీబీఎస్ (సెలవుల్లో పిల్లలకు నడిపే బైబిల్ బడి) ముగింపు రోజున వాయించవచ్చా అని ముగ్గురు అడిగారు. వద్దు. కీబోర్డు, డోలక్ పక్కన ఈ చిన్న వాద్యం వినబడదు. వినబడాలని గట్టిగా లాగితే వేళ్లు నొప్పి పెడతాయి, మళ్లీ తీగ తెగుతుంది.

మొదటి సమూయేలు గ్రంథం 16వ అధ్యాయం తీసి చూడండి. దావీదు వాయించినప్పుడు సౌలు సేదదీరాడు. అక్కడ వినేవాడు ఒక్కడు, వాయించేవాడు ఒక్కడు. దావీదు చేతిలోది కిన్నోర్, అంటే లైర్ జాతి వాద్యం, చేతిలో ఇమిడేది. 47 తీగల పెద్ద హార్ప్ కన్నా మీ ఒళ్లో ఉన్నదే దానికి దగ్గరి చుట్టం. ప్రార్థనకు ముందు మనసును ఒక చోటికి తేవడానికి ఇది చాలు. చర్చికి వెళ్లని వాళ్లు కూడా ఈ పాఠాలు చదువుతున్నారు. వాళ్లు పూజ ముందో, ధ్యానం ముందో వాయించుకోండి, పద్ధతి ఒకటే. మనసు కుదుటపడుతోందని బీపీ మాత్రలు మాత్రం మానకండి. హార్ప్ మందు కాదు, డాక్టరు చెప్పింది డాక్టరు చెప్పినట్టే వాడాలి.

మోహన

4వ తీగ స. 5 రి, 6 గ. 7 వదిలేయండి, నల్ల చుక్క. 8 ప, 9 ద. 10 కూడా వదిలేయండి. 11 పై స, ఎర్ర చుక్క. మ, ని రెండూ లేవు కాబట్టి ఏ రెండు తీగలు కలిసి మోగినా చెవికి గుచ్చుకోదు. కొత్తవాళ్లకు మోహన ముందు నేర్పడానికి కారణం ఇదే.

ఇవే తీగల మీద 5ను స అనుకొని మొదలుపెట్టి 5, 6, 8, 9, 11, 12 వాయిస్తే మధ్యమావతి వస్తుంది. చివర్లో శుభంగా పాడే రాగం కదా, మీ సాధన కూడా దానితోనే ముగించండి. 9 నుంచి మొదలుపెడితే శుద్ధ ధన్యాసి. ఒక్క తీగ కూడా శ్రుతి మార్చకుండానే మూడు రాగాలు.

గమకం, అంటే స్వరాన్ని ఊపుతూ పలికించడం, ఎలా అని ఒకరు అడిగారు. దీని మీద రాదు. నాగర్‌కర్నూల్ జిల్లా దర్శనం మొగులయ్య గారు వాయించే పన్నెండు మెట్ల కిన్నెర చూసే ఉంటారు, ఆయనకు 2022లో పద్మశ్రీ వచ్చింది. కిన్నెరకు మెట్లు ఉంటాయి, ఒక్క తీగ మీదే చాలా స్వరాలు పలుకుతాయి. హార్ప్‌లో తీగకు ఒక్కటే స్వరం. కాబట్టి ఇక్కడ అందమంతా మీటిన తర్వాత ఎంతసేపు ఆగుతామన్న దానిలోనే ఉంది. మీటి, నాదం పూర్తిగా పోయేదాకా వినండి. ఆ సేపు ఊపిరి మెల్లగా వదలండి. ఊపిరి తీసుకున్నాక తర్వాతి తీగ. స్వరాల వరస మారే చోట అరచేతిని తీగల మీద పరిచి నాదం ఆపండి, గుద్దకండి. వేలి మెత్తతో మీటాలి, గోరుతో కాదు. చిటికెన వేలు వాడం.

మృగశిర దాకా సాధన

మొదటి మూడు పొద్దులు 4, 8 తీగలు రెండే. స, ఆగడం, ప, ఆగడం. పది నిమిషాలు. విసుగొస్తుంది, అయినా రాగం ముట్టుకోవద్దు. తర్వాతి మూడు పొద్దులు పైన చెప్పిన మోహన ఎక్కుతూ, మధ్యమావతి దిగుతూ. ఆదివారం హార్ప్ సంచిలోనే ఉంటుంది.

ఆ తర్వాత కష్టమైన పని ఒకటి. యాప్ ఒక్క తీగకే, 4వ తీగను సి4 చేయడానికే. మిగతా పదిహేను చెవితో చేయాలి. 4తో 8ని స-ప లాగా కలపండి. 8తో 1ని, పై స, కింది స లాగా. 1తో 5, 5తో 9 మళ్లీ స-ప. 9తో 2, మళ్లీ పై స, కింది స లాగా. 2తో 6, 6తో 10 స-ప. 10తో 3, 4తో 11 కూడా పై స, కింది స లాగానే. 11ను ప అనుకొని దానికి స అయ్యేలా 7. మిగిలిన 12, 13, 14, 15, 16 ఒక్కొక్కటీ తనకన్నా ఏడు అంకెలు తక్కువ తీగతో, పై స, కింది స లాగా. ప్రతి పిన్ దగ్గరా వేలు పాకించడం, ముందు వదులు చేయడం మరవొద్దు. ఒక్క పొద్దున అయిపోకపోతే మర్నాడు చేయండి, ఎండ ముదిరాక మాత్రం చేయకండి. అయ్యాక యాప్‌తో సరిచూసుకొని, ఏ తీగ ఎంత తేడా వచ్చిందో రాసి పంపండి. ఆరో పాఠం ఆ తేడాలతోనే మొదలవుతుంది.

మళ్లీ తీగ తెగితే రెండు విషయాలు రాయండి: తీగ అంకె, తెగిన చోటు. పిన్ దగ్గర తెగితే ఎక్కువ చుట్లు లేదా వంపు, బ్రిడ్జ్ (తీగలు ఆనే చోటు) దగ్గర తెగితే అక్కడ అంచు పదును, మధ్యలో తెగితే తుప్పు. ఫొటో ఉంటే ఇంకా మంచిది.